ఫెడోరా మీద ఆఫీసు సర్వర్లు: ఆరు నెలలకోసారి ఈ టెన్షన్ తప్పేదెలా?

మెట్టుగూడ_రూట్ | 9 నవంబర్ 2024, శనివారం, రాత్రి 11:52

అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మాది పది మంది ఉండే చిన్న కంపెనీ. సిటీలో అయిదు బ్రాంచీలున్న ఒక రక్తపరీక్షల ల్యాబ్‌కి రిపోర్టుల సాఫ్ట్‌వేర్ మేమే నడుపుతాం. సర్వర్లు మూడు. ఒకదాంట్లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ఒకదాంట్లో పైథాన్‌లో రాసిన మా జాంగో అప్లికేషన్, దానికి తోడు రెడిస్ (డేటాని మెమరీలో ఉంచేది). మూడోది బ్యాకప్పులకీ చిల్లర పనులకీ. మూడింటిలోనూ ఫెడోరా సర్వర్ 39 (లినక్స్‌లో ఒక రకం). ఫెడోరా ఎందుకంటే నాకు ముందున్నాయన పెట్టి వెళ్ళిపోయారు. నేను కోడ్ రాసుకునేవాణ్ణి, సర్వర్లు నా నెత్తిన పడ్డాయి.

39కి ఈ నెల 26తో అప్‌డేట్లు ఆగిపోతాయి. 41 అక్టోబర్ 29న వచ్చింది. నిన్న రాత్రి ధైర్యం చేసి మూడో సర్వర్‌ని 39 నుంచి నేరుగా 41కి ఎక్కించాను. ఎక్కడమైతే గంటలో ఎక్కింది. రీబూట్ అయ్యాక మొదలైంది అసలు కథ. దాంట్లో ఉన్న పోస్ట్‌గ్రెస్ లేవలేదు. డేటా 15వ వెర్షన్‌ది, ఇప్పుడు ఉన్నది 16, నేను ముట్టుకోనంది. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్రోగ్రాంకి కావాల్సినవి విడిగా ఉంచే ఫోల్డర్) 3.12 కోసం వెతుకుతోంది, సిస్టమ్‌లో ఉన్నది 3.13. ఇంకో సంస్థ పాత సర్వర్‌కి రిపోర్టులు పంపే స్క్రిప్టు సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోయింది.

అది అసలు సర్వర్ కాదు కాబట్టి బతికిపోయాను. ఉదయం ఆరింటికి ల్యాబ్ తెరిచేసరికే పరగడుపున వచ్చినవాళ్ళు లైన్లో ఉంటారు. ఆ టైముకి ఇది జరిగితే? ఫెడోరాతోనే ఉంటూ నిలకడగా నడపడం కుదురుతుందా, లేక మూట సర్దుకోవాలా?

అమీర్‌పేట_2011 | 10 నవంబర్, ఉదయం 7:20

సర్దుకో తమ్ముడూ. ఆల్మా 9 (రెడ్ హ్యాట్ లినక్స్‌తో సరిపోయే ఉచిత లినక్స్) వేసుకో, 2032 మే దాకా హాయిగా పడుకో. ఫెడోరా అనేది నేర్చుకునేవాళ్ళకీ, ల్యాప్‌టాప్‌కీ. ఒక్కో వెర్షన్‌కి ఆయుష్షు 13 నెలలు. దాని మీద జనం రిపోర్టులు నడపడమేంటి? నా బ్యాచుల్లో మొదటి రోజే చెప్తాను ఈ మాట.

కోఠి_కెర్నల్ | 10 నవంబర్, ఉదయం 9:05

"హాయిగా పడుకో" అనే మాట విని నేనూ ఒకసారి పడుకున్నాను అన్నా. సెంటోస్ 8 వేశా, అదీ రెడ్ హ్యాట్ బాపతు ఉచిత లినక్సే, 2029 దాకా ఢోకా లేదన్నారు. 2020 డిసెంబర్ 8న పొద్దున్నే లేచి చూస్తే ప్రకటన: 2021 డిసెంబర్ 31తో సరి. పదకొండు మెషీన్లు. ఆ ఏడాది సంక్రాంతికి ఊరు వెళ్ళలేదు.

ఆల్మా మంచిదే, కాదనను. కానీ తమ్ముడికి తగిలిన మూడు దెబ్బల్లో ఆల్మా ఆపగలిగేవి ఎన్ని? ఆ సర్టిఫికెట్ గొడవ షా-1 అనే పాత, బలహీనమైన పద్ధతిలో చేసిన డిజిటల్ సంతకాలది. ఫెడోరా 41లో ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ చూసే లైబ్రరీ) వాటిని నమ్మడం మానేసింది. రెడ్ హ్యాట్ 9 ఆ పని 2022లోనే చేసింది. అంటే నువ్వు ఆల్మా 9కి వెళ్ళిన మొదటి రోజే అదే స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. పోస్ట్‌గ్రెస్ ఒక్కో పెద్ద వెర్షన్‌కి అసలు వాళ్ళే అయిదేళ్ళు ఇస్తారు, తర్వాత ఎక్కడున్నా మార్చాల్సిందే. ఆల్మాలో ఇవన్నీ పోవు, వాయిదా పడతాయి. వాయిదా పడ్డవన్నీ కట్టగట్టుకుని ఒకే రోజు వస్తాయి.

రాత్రి_డ్యూటీ | 10 నవంబర్, మధ్యాహ్నం 2:31

రూట్ గారూ, మొదట ఒక మంచి మాట. మీరు తెలిసో తెలియకో చేయాల్సిన పనే చేశారు: ముందు అంత ముఖ్యం కాని మెషీన్ మీద ప్రయత్నించారు. చాలామంది అది కూడా చేయరు.

నేను మాదాపూర్లో ఒక ఆఫీసులో తొమ్మిది ఫెడోరా మెషీన్లు చూస్తాను. వెర్షన్ 31 నుంచి. ఆ 31లో సీగ్రూప్స్ (ప్రోగ్రాంలకి మెమరీ, సీపీయూ పంచే ఏర్పాటు) రెండో వెర్షన్ డిఫాల్ట్ అయింది, ప్రోగ్రాంల్ని వేరువేరు పెట్టెల్లో, అంటే కంటైనర్లలో, నడిపే డాకర్ అప్పటికి దానికి సిద్ధంగా లేదు. ఒక్క రాత్రిలో మా కంటైనర్లన్నీ పడ్డాయి. 33లో సర్వర్ల పేర్లకి అడ్రస్ వెతికే పని సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అనే సర్వీసుకి ఇచ్చారు, మా ఇంట్రానెట్ పేర్లు సగం కనబడకుండా పోయాయి. ఈ రెండు దెబ్బల తర్వాత నాకు అర్థమైంది ఏంటంటే, ఫెడోరా ఒకటే అయినా దాంట్లో మార్పులు రెండు రకాలు.

ఒకటి వారం వారం వచ్చేవి. వీటిలో కెర్నల్ (లినక్స్ గుండెకాయ) ఒకటి జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఒకే ఫెడోరా వెర్షన్‌లోనే కెర్నల్ 6.10 నుంచి 6.11కి దూకుతుంది. కానీ మూడు కెర్నల్స్ ఎప్పుడూ ఉంచుతుంది కాబట్టి పాతదాంతో బూట్ చేసుకోవచ్చు. అప్‌డేట్లన్నీ బోధి అనే చోట పరీక్షకి ఉంటాయి. వాడి చూసినవాళ్ళు మంచిదో చెడ్డదో పాయింట్లు వేస్తారు. ఆ పాయింట్ల పేరు కర్మ. నిజంగానే. బోధి చెట్టు కింద కర్మ చెడితే ప్యాకేజీ మన దాకా రాదు.

రెండో రకం ఆరు నెలలకోసారి వచ్చే పెద్ద మార్పు. మీకు తగిలింది ఇది. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు, ఎందుకంటే ప్రతి వెర్షన్‌కీ మార్పుల జాబితా నెలల ముందే బయట పెడతారు. 41 జాబితా తీసి చూడండి: షా-1, పైథాన్ 3.13, డీఎన్‌ఎఫ్5 (ప్యాకేజీలు వేసే, తీసే కమాండ్ కొత్త రూపం), నెట్‌వర్క్-స్క్రిప్ట్స్ (నెట్‌వర్క్ సెట్టింగుల పాత పద్ధతి) తొలగింపు, పైథాన్ 2.7 తొలగింపు. మీరు ఇంకా గమనించనిది ఒకటుంది, రెడిస్ పోయి దాని నుంచే చీలిన వాల్కీ వచ్చింది. మార్చిలో రెడిస్ లైసెన్స్ మారింది కదా, దాని ఫలితం. అనుకూలత ప్యాకేజీ ఉంది, కానీ సర్వీసు, కాన్ఫిగ్ ఫోల్డర్ వాల్కీ పేరుతో ఉంటాయి. మీ మానిటరింగ్ "రెడిస్ లేదు" అని అర్ధరాత్రి అరుస్తుంది.

ఇప్పుడు నా పద్ధతి. నేల వేరు, నేల మీద పెట్టిన బీరువా వేరు. నేల ఫెడోరాది, ఆరు నెలలకోసారి మారనివ్వండి. బీరువా మీది, అది మీరు అనుకున్నప్పుడే కదలాలి. పోస్ట్‌గ్రెస్‌ని ఫెడోరా రెపో (ప్యాకేజీల గోదాము) నుంచి తీసుకోకండి. పోస్ట్‌గ్రెస్ వాళ్ళ సొంత రెపో ఉంది, పీజీడీజీ అంటారు. అందులో 15, 16, 17 పక్కపక్కనే ఉంటాయి, ఫెడోరా ఏ వెర్షన్ అయినా మీ 15 మీకుంటుంది. ఫెడోరా రెపో ఫైల్లో పోస్ట్‌గ్రెస్ ప్యాకేజీల్ని మినహాయించడం మాత్రం మర్చిపోకండి. లేదంటే రెండూ కొట్టుకుంటాయి. అప్లికేషన్‌ని డాకర్ లాంటి పోడ్‌మ్యాన్ కంటైనర్లో పెట్టండి, పైథాన్ 3.12 ఇమేజ్‌తో (కంటైనర్ పుట్టే మూస), వెర్షన్ నంబరు స్పష్టంగా రాసి. ఇమేజ్‌కి "లేటెస్ట్" అని పెట్టారో, ఇదంతా దండగ.

అప్పుడు ఫెడోరా మారిన రాత్రి మీరు చూడాల్సింది కెర్నల్, నెట్‌వర్క్, ఫైర్‌వాల్, సెలినక్స్ (ఏ ప్రోగ్రాం ఏం ముట్టుకోవచ్చో చూసే కాపలా) అంతే. డేటాబేస్ వెర్షన్ మార్పు ఇంకో నెలలో, ఇంకో రాత్రి. రెండూ ఒకే రాత్రి చేస్తే, ఏదైనా పోయినప్పుడు ఏది పోగొట్టిందో తెలీదు.

మెట్టుగూడ_రూట్ | 10 నవంబర్, సాయంత్రం 6:48

అక్కా, థాంక్స్. బీరువా మాట మా బాస్‌కి కూడా అర్థమైంది. కానీ ఒక భయం. ఆ రాత్రి నేల కూడా కుంగితే? మళ్ళీ 39కి ఎలా వెళ్ళడం? డీఎన్‌ఎఫ్ హిస్టరీలో అన్‌డూ ఉందన్నారు ఎవరో.

కోఠి_కెర్నల్ | 10 నవంబర్, సాయంత్రం 7:02

ఒక ప్యాకేజీ వెనక్కి తీయడానికి బాగుంటుంది. మొత్తం వెర్షన్‌ని వెనక్కి తీయడానికి దాన్ని నమ్ముకుంటే దేవుడే దిక్కు. పైగా 41లో డీఎన్‌ఎఫ్5 వస్తుంది, పాత డీఎన్‌ఎఫ్ రాసుకున్న చరిత్ర దానికి కనబడదు.

రాత్రి_డ్యూటీ | 10 నవంబర్, రాత్రి 10:15

స్నాప్‌షాట్ తీయండి. డిస్క్ ఆ క్షణంలో ఎలా ఉందో అలా గుర్తుపెట్టుకునే కాపీ అది. ఫెడోరా సర్వర్‌ని డిఫాల్ట్‌గా ఇన్‌స్టాల్ చేసి ఉంటే మీకో అదృష్టం ఉంది, చాలామందికి తెలీదు. రూట్‌కి (సిస్టమ్ ఉండే భాగానికి) 15 జీబీ మాత్రమే ఇచ్చి మిగతా డిస్క్ అంతా ఎల్‌వీఎం (డిస్క్‌ని వాల్యూములుగా పంచే ఏర్పాటు) గ్రూపులో ఖాళీగా వదిలేస్తుంది. "డిస్క్ 500 జీబీ ఉంటే రూట్ 15కే నిండిందేంటి" అని నెలకొకరు వచ్చి తిడతారు. ఆ ఖాళీయే మనకి పనికొచ్చేది. వీజీఎస్ కమాండ్ కొట్టి ఎంత ఖాళీ ఉందో చూడండి.

అప్‌గ్రేడ్‌కి ముందు రూట్ వాల్యూమ్‌కి 15 జీబీ స్నాప్‌షాట్ తీయండి. 5 చాలు, 6 చాలు అని పిసినారితనం వద్దు. పెద్ద అప్‌గ్రేడ్ రూట్‌ని దాదాపు మొత్తం తిరగరాస్తుంది. స్నాప్‌షాట్ నిండిపోతే అది చెల్లదు, మీకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. రూట్ ఎంతో అంత ఇస్తే నిండే ప్రశ్నే లేదు. అంతా బాగుంటే రెండు మూడు రోజులకి తీసేయండి. బాగోకపోతే ఎల్‌వీకన్వర్ట్ కమాండ్‌తో మెర్జ్ (స్నాప్‌షాట్‌ని వెనక్కి కలపడం) చెప్పి రీబూట్ చేస్తే, ఆ బూట్‌లో పాత రూట్ వచ్చేస్తుంది.

రెండు మెలికలు. బూట్ విభజన ఎల్‌వీఎంలో ఉండదు, స్నాప్‌షాట్ దాన్ని వెనక్కి తేదు. అక్కడ 41 కెర్నల్ మొదటి వరసలో కూర్చుని ఉంటుంది, దానికి కావాల్సిన మాడ్యూళ్ళు (డ్రైవర్ల లాంటివి) పాత రూట్‌లో ఉండవు. మెషీన్ లేచేటప్పుడు కనబడే గ్రబ్ మెనూలో 39 కెర్నల్‌ని మీ చేత్తో ఎంచుకోవాలి. అంటే ఆ రాత్రి మీరు స్క్రీన్, కీబోర్డు ముందు ఉండాలి. ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ అనే రిమోట్ లాగిన్‌తో చేసే పని కాదిది.

రెండోది, పోస్ట్‌గ్రెస్ డేటా ఎక్కడుంది? రూట్‌లోనే ఉంటే, వెనక్కి వెళ్ళినప్పుడు ఆ మధ్యలో వచ్చిన రిపోర్టులు కూడా వెనక్కి పోతాయి.

మెట్టుగూడ_రూట్ | 10 నవంబర్, రాత్రి 10:40

డేటా వేరే వాల్యూమ్, 60 జీబీ. ముందున్నాయనకి దండం.

పాకెట్_రౌటర్ | 11 నవంబర్, రాత్రి 1:17

ఆర్చ్ లినక్స్ మీద మూడేళ్ళుగా సర్వర్ నడుపుతున్నా, అసలు వెర్షన్లే లేవు, ఆరు నెలల టెన్షనే లేదు 😎

కోఠి_కెర్నల్ | 11 నవంబర్, ఉదయం 8:30

ఆ సర్వర్ మీద ఏం నడుస్తుంది తమ్ముడూ?

పాకెట్_రౌటర్ | 11 నవంబర్, ఉదయం 11:04

ఇంట్లో ఫొటోలు. ఇంకా యాడ్ బ్లాకర్.

సరే నవ్వుకోండి. కానీ ఆర్చ్ నేర్పినవి చెప్తా. సగం అప్‌డేట్ చేయకూడదు: చేస్తే మొత్తం, లేదంటే అసలు వద్దు. కొట్టే ముందు వాళ్ళ వార్తల పేజీ చదవాలి. కెర్నల్ ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సవరణలు వచ్చేది) పెట్టుకోవాలి. వారానికోసారి చేస్తే ఇరవై ప్యాకేజీలు, ఏది తేడా చేసిందో పట్టుకోవచ్చు. ఆరు నెలలు వదిలేసి చేస్తే వెయ్యి, ఎక్కడని వెతుకుతాం?

కోఠి_కెర్నల్ | 11 నవంబర్, ఉదయం 11:20

ఆ చివరి మాటకి మాత్రం చేయి కలుపుతా.

దాని మీదే నా సొంత గాయం ఒకటి. అప్పట్లో నాకు అప్‌టైమ్ పిచ్చి. ఒక మెషీన్ 412 రోజులు రీబూట్ లేకుండా నడిచింది, స్క్రీన్‌షాట్ తీసి అందరికీ చూపించుకున్నా. 2020 అక్టోబర్ 13 వాన గుర్తుందా? ఆ రాత్రి మా ఏరియాలో కరెంటు పోయింది, యూపీఎస్ నలభై నిమిషాలకి చేతులెత్తేసింది. మర్నాడు మధ్యాహ్నం కరెంటు వచ్చాక మెషీన్ లేవలేదు. ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంది. చూస్తే ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కులు తగిలించాలో రాసుకునే ఫైల్లో) ఒక లైను తప్పు. ఎప్పుడు రాశానో తెలుసా? పదకొండు నెలల కింద, ఒక యూఎస్‌బీ డిస్క్ కోసం. రీబూట్ చేయలేదు కాబట్టి అది పదకొండు నెలలు అక్కడే పొంచి ఉంది. మోకాలి లోతు నీళ్ళలో బండి తోసుకుంటూ ఆఫీసుకి పోయా.

అప్పటి నుంచి నెలకోసారి రీబూట్. పని ఉన్నా లేకున్నా. నీడ్స్-రీస్టార్టింగ్ కమాండ్‌ని అడిగితే చెప్తుంది రీబూట్ అవసరమా కాదా అని. నేను అడగను.

అమీర్‌పేట_2011 | 11 నవంబర్, మధ్యాహ్నం 12:45

ఇంత తతంగం చేసే ఓపిక ఉన్నవాళ్ళకి ఫెడోరా సరే. ఆయన ఒక్కడు, కోడ్ రాసుకునేవాడు. ఆయనకి సెలవు వద్దా? అనారోగ్యం చేస్తే ఎవరు చూస్తారు ఆ కర్మ, బోధి? బయటి కెర్నల్ మాడ్యూళ్ళు ఉంటే ఇంకా ఘోరం. ఫెడోరా కెర్నల్ ఇప్పుడు 6.11, ఓపెన్‌జెడ్‌ఎఫ్ఎస్ (డిస్కుల్ని కలిపి పూల్‌గా వాడే ఫైల్ సిస్టమ్) 2.2.6 చూస్తే 6.10 దాకానే. అప్‌డేట్ కొట్టిన మర్నాడు స్టోరేజీ పూల్ మాయం. బ్యాకప్ సర్వర్‌కి కొత్త కెర్నల్ ఎందుకు, కొత్త పైథాన్ ఎందుకు? కనీసం దాన్నయినా ఆల్మాకి మార్చు తమ్ముడూ.

రాత్రి_డ్యూటీ | 11 నవంబర్, మధ్యాహ్నం 1:10

బ్యాకప్ సర్వర్ విషయంలో అన్న చెప్పిందే కరెక్ట్. ఒప్పుకుంటున్నా. ఫెడోరా నుంచి ఆల్మాకి నేరుగా మారే దారి లేదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే. ఆ మూడో మెషీన్ ఎలాగూ పాడైపోయింది కదా.

కోఠి_కెర్నల్ | 11 నవంబర్, మధ్యాహ్నం 1:22

మూడు మెషీన్లకి రెండు రకాల లినక్సా? రేపు ఒక చోట చేసిన పని ఇంకోచోట చేయడు. నేనైతే వద్దంటా.

ఈసీఐఎల్_మాస్టారు | 12 నవంబర్, ఉదయం 6:05

చర్చ బాగుంది. పెద్దవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, క్షమించాలి.

అందరూ ప్యాకేజీల గురించి మాట్లాడుతున్నారు. సర్వర్ లేచి నిలబడి, ఏ ఎర్రర్ చూపించకుండా, తప్పు సమాధానం చెప్పే సందర్భం ఒకటి నేను చూశాను. అది కూడా నిలకడకి పేరున్న డెబియన్ లినక్స్ మీద.

2019లో నేను పని చేసిన చోట డేటాబేస్‌ని డెబియన్ 9 నుంచి 10కి మార్చాము. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మార్చలేదు. అంతా పచ్చగా ఉంది. మూడో రోజు కౌంటర్లో అమ్మాయి ఫోన్ చేసి, "సార్, పేరు కొడితే రికార్డు లేదంటోంది, కానీ నంబరు కొడితే అదే మనిషి వస్తున్నాడు" అంది. నేను కూడా చూశాను. పేరుతో వెతికితే లేడు. నంబరుతో వెతికితే ఉన్నాడు. పేరులో హైఫన్ ఉంది.

కారణం తెలుసుకోవడానికి ఒక రోజంతా పట్టింది. పోస్ట్‌గ్రెస్ అక్షరాల వరసని సొంతంగా నిర్ణయించదు, కింద ఉన్న జీలిబ్‌సీ అనే లినక్స్ మూల లైబ్రరీని అడుగుతుంది. జీలిబ్‌సీ 2.28లో ఆ వరస మార్చారు. డెబియన్ 10లో ఉన్నది అదే. మా ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టే పట్టిక) పాత వరసలో కట్టినది, వెతికేది కొత్త వరసలో. నిఘంటువులో అక్షరక్రమం మార్చేసి పేజీలు మాత్రం అలాగే ఉంచినట్టు. మాట ఉంటుంది, మనం తెరిచే పేజీలో ఉండదు. ప్రత్యేకత ఉండాల్సిన కాలమ్‌లో అప్పటికే ఇద్దరు ఒకే పేరుతో దూరారు కూడా. రీఇండెక్స్ చేసి (ఆ పట్టిక మళ్ళీ కట్టి), ఆ జంటల్ని చేత్తో విడదీశాము.

రూట్ గారూ, మీ 39లో జీలిబ్‌సీ 2.38, 41లో 2.40. ఇది 2.28 అంత పెద్ద మార్పు కాకపోవచ్చు. అయినా పోస్ట్‌గ్రెస్ 15 నుంచి డేటాబేస్ ఏ కొలేషన్ (అక్షరాల వరస) వెర్షన్‌తో తయారైందో రాసుకుంటుంది. నేల మారాక లాగిన్ అయితే వెర్షన్ కలవలేదని హెచ్చరిక ఇస్తుంది. ఆ హెచ్చరికని నోరు మూయించే కమాండ్ కూడా ఉంది, రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్ అని. దయచేసి ముందు అక్షరాల ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేసి, ఆ తర్వాతే అది కొట్టండి. బీరువాని కదపకపోయినా, దాని కింద నేల మారితే తలుపు సరిగా పడదు.

రాత్రి_డ్యూటీ | 12 నవంబర్, ఉదయం 9:40

మాస్టారూ, నా బీరువా ఉపమానానికి మీరు తలుపు బిగించారు. మా తొమ్మిదింటిలో ఇది నేను ఒకసారీ చూడలేదు. ఇవాళే చూస్తాను.

మెట్టుగూడ_రూట్ | 15 నవంబర్, శుక్రవారం, రాత్రి 9:30

అప్‌డేట్. మూడో సర్వర్ ఆల్మా 9 అయింది (కోఠి అన్నా, తిట్టకు). రేపు రాత్రి డేటాబేస్ సర్వర్‌లో 39 మీద ఉండగానే పీజీడీజీ 15కి మారదామనుకుంటున్నా. నిన్ననే కొత్తది వచ్చింది, 15.9.

రాత్రి_డ్యూటీ | 15 నవంబర్, రాత్రి 11:15

పౌర్ణమి దీపాలు పెట్టి వచ్చి చూస్తే ఇది. ఆగండి! నిన్న వచ్చిన 17.1, 16.5, 15.9 అన్నిటిలో లోపల ఒక స్ట్రక్చర్ సైజు మారింది. పాతదానికి కంపైల్ చేసిన టైమ్‌స్కేల్‌డీబీ లాంటి ఎక్స్‌టెన్షన్లు (పోస్ట్‌గ్రెస్‌కి తగిలించే అదనపు ముక్కలు) పడిపోతున్నాయి. మీరు ఏ ఎక్స్‌టెన్షన్లు వాడతారు?

మెట్టుగూడ_రూట్ | 15 నవంబర్, రాత్రి 11:21

ట్రైగ్రామ్ (పోలికలున్న మాటలు వెతికేది) ఒకటే. పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చేది.

రాత్రి_డ్యూటీ | 15 నవంబర్, రాత్రి 11:26

అయితే మీకు ప్రమాదం లేదు, అది దాంతో పాటే కంపైల్ అవుతుంది. అయినా ఒక వారం ఆగితే నష్టమేంటి? 15.9లో సెక్యూరిటీ సవరణలున్నాయి నిజమే, కానీ మీ డేటాబేస్ పోర్టు ఇంటర్నెట్‌కి తెరిచి లేదు కదా.

అమీర్‌పేట_2011 | 16 నవంబర్, ఉదయం 7:50

మేడమ్, ఈసారి నేనే ఒప్పుకోవాలి. ఇది ఆల్మా మీదున్నా, పీజీడీజీ వాడితే తగిలేదే.

కోఠి_కెర్నల్ | 16 నవంబర్, ఉదయం 8:15

తేదీ రాసి పెట్టుకుంటున్నా అన్నా.

ఆగడం గురించి ఒక మాట. అన్నిటికీ ఆగితే అదీ జబ్బే. ఈ మార్చి 29న ఎక్స్‌జెడ్‌ అనే ఫైళ్ళు కుదించే ప్రోగ్రాంలో దొంగ తలుపు బయటపడింది కదా. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపరే పట్టుకున్నాడు. 5.6.0, 5.6.1 వెర్షన్లు. అది ఫెడోరా రాహైడ్, 40 బీటా, డెబియన్ టెస్టింగ్, టంబుల్‌వీడ్ లాంటి ముందు వరస వెర్షన్ల దాకా వచ్చింది, ఫెడోరా 39కి రాలేదు. కొంచెం వెనక ఉన్నవాడు బతికాడు. కానీ ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్‌లో అసలైన రంధ్రం బయటపడ్డ జులైలో ఒక వారం ఆగినవాణ్ణి ఏమనాలి? నా లెక్క ఇది: బయటికి తెరిచి ఉన్న ప్రోగ్రాంకి సెక్యూరిటీ సవరణ వస్తే అదే రోజు. మిగతావి మంగళవారం, ఒక మెషీన్ మీద. గురువారం మిగతావాటి మీద. శుక్రవారం ఏమీ ముట్టుకోను.

పాకెట్_రౌటర్ | 16 నవంబర్, ఉదయం 10:00

ఆటోమేటిక్ అప్‌డేట్లు పెడితే?

కోఠి_కెర్నల్ | 16 నవంబర్, ఉదయం 10:12

డౌన్‌లోడ్ దాకా ఆటోమేటిక్. కొట్టేది నేను. రూట్ తమ్ముడూ, డీఎన్‌ఎఫ్ ఆటోమేటిక్ వాడుతుంటే, 41కి ఎక్కాక టైమర్ ఆన్‌లోనే ఉందో లేదో చూసుకో. డీఎన్‌ఎఫ్5లో అది వేరే ప్యాకేజీ. నడుస్తోందని నువ్వనుకుంటూ ఉంటావు, అది నడవదు.

మెట్టుగూడ_రూట్ | 22 నవంబర్, రాత్రి 10:05

నిన్న 15.10 వచ్చింది, ఆ స్ట్రక్చర్ సైజు సరిచేశారు. ఇవాళ డేటాబేస్ సర్వర్‌లో పీజీడీజీ 15కి మారాను. డేటా వాల్యూమ్ అదే, దారి మాత్రం కొత్త సర్వీసు ఫైల్లో చెప్పాను. పని ఆగింది ఆరు నిమిషాలు. రేపు రాత్రి 41. స్క్రీన్, కీబోర్డు, ఒక థర్మాస్ చాయ్ సిద్ధం. సర్వర్లు ఒకప్పటి పాంట్రీలో ఉంటాయి, సింక్ ఇంకా అక్కడే ఉంది. కప్పు కడుక్కోవడానికి పనికొస్తుంది.

ఈసీఐఎల్_మాస్టారు | 23 నవంబర్, ఉదయం 6:10

బ్యాకప్ తీశారా అని అడగను. తీసినదాన్ని ఆల్మా మెషీన్ మీద ఒకసారి తిరిగి నింపి చూశారా అని అడుగుతున్నాను.

మెట్టుగూడ_రూట్ | 23 నవంబర్, ఉదయం 9:45

లేదు మాస్టారూ. ఇప్పుడు చేస్తా.

(మధ్యాహ్నం 12:30కి చేర్చినది: నింపాను. ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్ ఆ మెషీన్‌లో లేదు, అందుకే మొదటిసారి ఫెయిలైంది. కాంట్రిబ్ ప్యాకేజీ వేశాక అయింది. రాత్రి అవసరపడి ఉంటే అక్కడే ఏడ్చేవాణ్ణి.)

మెట్టుగూడ_రూట్ | 24 నవంబర్, ఆదివారం, మధ్యాహ్నం 3:20

అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

రాత్రి 10:30కి రెండు మెషీన్లకీ స్నాప్‌షాట్లు. ముందు అప్లికేషన్ సర్వర్. ఎక్కింది, కంటైనర్ లేచింది, లోపల 3.12 హాయిగా ఉంది. వాల్కీ కూడా లేచింది. అక్క చెప్పినట్టే మానిటరింగ్ "రెడిస్ లేదు" అని నా ఫోన్ని 11:50కి మోగించింది, నేను పక్కనే కూర్చుని ఉన్నాను.

డేటాబేస్ సర్వర్ దగ్గర చెమటలు పట్టాయి. రీబూట్ అయ్యాక నెట్‌వర్క్ లేదు. పింగ్ లేదు. మెర్జ్ కమాండ్ సగం టైపు చేశాను కూడా. ఆగి చూస్తే, ముందున్నాయన ఐపీ అడ్రస్ పాత నెట్‌వర్క్-స్క్రిప్ట్స్ పద్ధతిలో పెట్టారు. మిగతా రెండింటిలో అలా లేదు, ఈ ఒక్కదాంట్లోనే. అక్క మొదటి పోస్టులోనే ఆ పేరు ఉంది, నేను రెడిస్ మీదే దృష్టి పెట్టి దాన్ని పట్టించుకోలేదు. ఎన్‌ఎంసీఎల్‌ఐ కమాండ్‌తో అడ్రస్ ఇచ్చాను, అయిదు నిమిషాల్లో వచ్చింది.

పోస్ట్‌గ్రెస్‌లోకి వెళ్ళగానే మాస్టారు చెప్పిన హెచ్చరిక అక్షరం పొల్లుపోకుండా కనబడింది: 2.38తో తయారైంది, ఇప్పుడున్నది 2.40. రీఇండెక్స్ నలభై నిమిషాలు. జంట రికార్డులేవీ రాలేదు. ఆ తర్వాతే రిఫ్రెష్ కొట్టాను.

తీరనిది ఒక్కటే, ఆ షా-1. అవతలి సంస్థ సర్టిఫికెట్ మార్చడానికి "చూస్తాం" అంటోంది. అప్లికేషన్ సర్వర్‌లో క్రిప్టో పాలసీని (ఏ సంతకాల్ని నమ్మాలో చెప్పే సెట్టింగు) ఫెడోరా40 అని పెట్టి తాత్కాలికంగా నడుపుతున్నా. మెషీన్ మొత్తానికి పెట్టడం ఇష్టం లేదు, కానీ సోమవారం రిపోర్టులు వెళ్ళాలి.

రాత్రి_డ్యూటీ | 24 నవంబర్, సాయంత్రం 4:02

శభాష్. ఆ పంపే స్క్రిప్టు ఒక్కదాన్నీ వేరే కంటైనర్లోకి తోసి, ఆ సడలింపు అక్కడే పెట్టండి. మెషీన్‌ది మామూలు పాలసీకి తిప్పేయండి. వచ్చే వారం చాలు, ఇవాళ పడుకోండి. డేటాబేస్ 16కి మార్చేటప్పుడు రండి. పీజీ-అప్‌గ్రేడ్ (వెర్షన్ మార్చే కమాండ్) అయ్యాక అనలైజ్ (డేటా లెక్కలు మళ్ళీ తీయడం) చేయకపోతే క్వెరీలన్నీ నత్తల్లా నడుస్తాయి, అది అప్పుడు మాట్లాడుకుందాం.

కోఠి_కెర్నల్ | 24 నవంబర్, సాయంత్రం 4:30

ఆ నెట్‌వర్క్ దెబ్బ ఎందుకు తగిలిందో గమనించావా? మూడు మెషీన్లు ఒకేలా లేవు కాబట్టి. ఇప్పుడు ఒకటి ఆల్మా కూడా. నేను ఇంకేం అనను.

అమీర్‌పేట_2011 | 24 నవంబర్, సాయంత్రం 4:41

అన్నాడు చూడు 😂 తమ్ముడూ, ఇంతకీ పొద్దున ల్యాబ్ ఎలా నడిచింది?

మెట్టుగూడ_రూట్ | 24 నవంబర్, సాయంత్రం 5:15

ఆరింటికి తెరిచారు. నేను పాంట్రీలోనే కుర్చీలో నిద్రపోయా. 8:10కి మొదటి రిపోర్టు ప్రింటయిందని ఫోన్ చేశారు. షుగర్ 142 అంట.

కోఠి_కెర్నల్ | 24 నవంబర్, సాయంత్రం 5:17

పరగడుపునా, తిన్నాకా?